వీపు చూసి పెట్టిన పేరు

నికనోర్ ఇపియాల్ ఎడమచేతికి చిటికెన వేలూ ఉంగరపు వేలూ లేవు. ఒక సాలీడు పేరు తప్పు చెప్పినందుకు అవి పోయాయని కింద సాన్ ఆబెల్ బజారులో చెప్పుకుంటారు. తప్పు చెప్పి ఉంటే వేళ్లు దక్కేవి. సరిగ్గా చెప్పినందుకే పోయాయి. ఆ ఆదివారం ఫుట్‌బాల్ మైదానంలో వరుసగా నిలబెట్టిన మగవాళ్లలో ఇంకా ఊళ్లో ఉన్నవాళ్లం తక్కువ. మాలో ఎవరిని అడిగినా ఇదే చెబుతారు.

పుట్టుకతో అతను మా ఊరు లా పల్మిటా వాడు కాదు. పైన చలికొండల్లో బంగాళాదుంపలు పండించుకునే కుటుంబం. నేల చాలక అతని తండ్రి అయిదుగురు పిల్లల్నీ ఒక ఆవునీ వెంటబెట్టుకుని పుతుమాయో అడవిలోకి దిగాడు. గట్టు తగాదాలో పక్క పొలంవాడు ఆ తండ్రి మెడ నరికేనాటికి నికనోర్‌కు పద్నాలుగేళ్లు. నరికినవాడు మర్నాడు అదే గట్టు మీద కూర్చుని అరటికాయ కాల్చుకుని తిన్నాడు. ఎవరూ ఏమీ అనలేదు. అప్పటికి మా వైపు పోలీసులు రాలేదు. వచ్చాక మారిందేమీ లేదు.

ఇరవై రెండేళ్లప్పుడు నికనోర్ కోడిపందెం దగ్గర తాగి, పగిలిన సీసాతో ఒకడి ముఖం చీల్చాడు. ఆ మనిషికి ఒక కన్ను పోయింది. నికనోర్‌ను పదహారు నెలలు జైల్లో పెట్టారు. అతని చదువు ఆ జైలు గోడ మీద మొదలైంది.

ఎండ పడే గోడ మీద గోరంత సాలీళ్లు వేటకు వచ్చేవి. అవి గూడు అల్లవు. ఈగ వాలితే ఆగి, తల తిప్పి చూస్తాయి. పొట్ట గోడకు ఆనించి పిల్లిలా జరుగుతాయి. వెనక ఒక దారం అంటించుకుని దూకుతాయి. మరుక్షణం ఈగ మెడలో కోరలు దిగి ఉంటాయి. అంత శుభ్రంగా చంపడం మనుషుల్లో ఎక్కడా చూడలేదని నికనోర్ అనేవాడు. వాటికి ఎనిమిది కళ్లు. ముందున్న రెండూ లారీ దీపాల్లా పెద్దవి, మిగతావి పక్కలకూ వెనక్కీ. జైల్లో వేరే పనేమీ లేక, వాటిని ఒకదాన్నించి ఒకదాన్ని వేరు చేసి పేర్లు పెట్టుకోవడం మొదలుపెట్టాడు. నల్లటి ఒళ్లు, మెడ దగ్గర తెల్ల పట్టీ ఉన్నది తెల్లకాలరు, పాదిరీలాగా. పలచగా గోడకు అతుక్కుపోయేది రొట్టె. కోరలు ఒంటికన్నా పొడుగైనవాడు పళ్లోడు. ముందు కాళ్లు మీసాల్లా ఎత్తి ఊపుతూ చీమల బారులో చీమలాగే నడిచి, వెనకబడ్డ చీమను మెడ కొరికి ఎత్తుకుపోయేవాడు చీమదొంగ. బయటికొచ్చేసరికి అతని దగ్గర పంతొమ్మిది పేర్లున్నాయి. ఆ తర్వాత మళ్లీ తాగలేదు.

పందొమ్మిది వందల తొంభై ఒకటిలో రాజధాని బొగొతా నించి డాక్టరమ్మ వచ్చింది. పేరు అంపారో లిస్కానో. మందులిచ్చే డాక్టరు కాదు, ఒక మ్యూజియంలో సాలీళ్లకు కులగోత్రాలు తేల్చే డాక్టరు. మూటలు మోయడానికి నికనోర్‌ను పెట్టుకుంది. పొద కింద తెల్లగుడ్డ పట్టి కర్రతో కొమ్మను కొడితే పురుగూ పుట్రా గుడ్డ మీద రాలుతుంది, అదీ పని. మొదటిరోజే ఆమె రెండు సాలీళ్లను ఒకే సీసాలో వేయబోతుంటే, మూటలు మోసేవాడు ఇవి రెండూ వేరమ్మా అన్నాడు. ఆమె భూతద్దంతో చూసింది. వేరే.

ఆ తర్వాత పదకొండేళ్లు అతను ఆమె మనిషి. ఆమె నేర్పింది తక్కువే, కానీ నేర్పిన ముక్క అతని బుర్రలో మేకులా దిగింది.

"వీపు చూసి పేరు పెట్టకండి నికనోర్ గారూ. వీపు అబద్ధమాడుతుంది. వెల్లకిలా తిప్పి చూడండి."

మగదానికి నోటి పక్కన రెండు పొట్టి చేతులుంటాయి, కొసన బాక్సింగ్ తొడుగుల్లా ఉబ్బి ఉంటాయి. ఆ ఉబ్బులో ఒక సన్నటి తీగ. ఆడదాని పొట్ట కింద ఆ తీగకు సరిపడే కన్నం. తీగ ఎన్ని చుట్లు తిరిగితే కన్నం లోపలి దారీ అన్ని చుట్లు తిరుగుతుంది. ఏ తాళానికి ఆ చెవి. సాలీడు చెడకుండా సీసాలో పోసే సారాలో రంగు పోతుంది, చారలు ఎండకు మారతాయి, ఇది మారదు. ఇక ఈడు రాని పిల్లకు తాళమూ లేదు, చెవీ లేదు. పిల్లకు ఎవరూ పేరు పెట్టలేరు. పెడితే అది ఊహే.

రెండో ముక్క చీటీ గురించి. ప్రతి సీసాలో సాలీడుతో పాటు గోరంత మందపాటి కాగితం మీద పెన్సిలుతో రాసి పెట్టాలి. ఎక్కడ, ఎంత ఎత్తున, ఏ తేదీన, మగా ఆడా, పట్టిందెవరు. చివర్లో ఆమె ఇచ్చిన చేతి యంత్రం చూపించే అంకెలు, భూమ్మీద ఆ చోటు ఎక్కడుందో చెప్పేవి. చీటీ లేని సాలీడు చెత్త అనేది ఆమె. నికనోర్ చీటీ రాయకుండా ఒక్క పురుగును కూడా సీసాలో వేయలేదు.

అతని భార్య సోయిలాకు ఈ పని ఎన్నడూ గిట్టలేదు. పురుగుకు పేరు పెట్టే తీరిక ఉంది, కోడికి మేత వేసే తీరిక లేదు అనేది. ఆమె తమ్ముడు రొసెందో మాత్రం రోజూ సాయంత్రం వచ్చి, బెల్లం నీళ్లు తాగుతూ సీసాలు ఎండకు పట్టి చూసేవాడు. డాక్టరమ్మ మొదటి ఏడు పట్టిన ఒక ఆడ సాలీడు కథ అతనికి మహా సరదా. ఆ ఆడదాని కన్నం లోపలి దారి రెండు చుట్లు తిరిగి ఉంది. అలాంటిది ఎవరూ చూడలేదు. మగది దొరికితే తప్ప దాన్ని ఏ వంశంలో కలపాలో తేలదని ఆమె పదకొండేళ్లుగా దాన్ని బొగొతాలో పక్కన పెట్టి ఉంచింది. వెళ్లేటప్పుడల్లా నికనోర్‌కు అదే చెప్పేది, మగది చూడండి, తీగ రెండు చుట్లు ఉంటుంది.

"ఏం బావా, నీ విధవరాలికి మొగుడు దొరికాడా?" అని రొసెందో అడిగేవాడు.

"మొగుడే లేనిది విధవ ఎట్టా అవుతుందిరా?"

"మా అక్కను చూడు. మొగుడున్నా అట్టాగే ఉంది."

రెండు వేల రెండు మార్చి తొమ్మిదిన, పొద్దు వాలాక, నికనోర్ వాగు పక్క తాటిపొదను కొడుతుంటే వాన పడింది. గుడ్డ మీద రాలిన వాటిలో ఒకటి నల్లగా, మెడ దగ్గర తెల్ల పట్టీతో ఉంది. వెలుతురు లేదు, భూతద్దం తడిసింది. "తెల్లకాలరు, మగ" అని చీటీ రాసి సీసాలో వేసి ఇంటికి పరుగెత్తాడు. పదకొండేళ్లలో వీపు చూసి పేరు పెట్టడం అదొక్కసారే.

ఎనిమిది రోజుల తర్వాత ఆదివారం వాళ్లొచ్చారు.

అప్పటికి మా చుట్టూ రెండు రకాల తుపాకులుండేవి. కొండ మీదివాళ్లు పాతవాళ్లు. వచ్చి కోళ్లు అడిగేవాళ్లు, ఇవ్వకపోతే చంపేవాళ్లు. కింద రోడ్డు నించి వచ్చేవాళ్లు కొత్తవాళ్లు. కొండవాళ్లకు కోళ్లు ఇచ్చారని చంపేవాళ్లు. ఈసారి వచ్చింది కొత్తవాళ్లు, యాభై మంది దాకా, ముఖాలకు గుడ్డలు. నాయకుడొక్కడే ముఖం కప్పుకోలేదు. ఎదురుపడ్డ ప్రతి మగవాణ్ణీ బావా అని పిలిచేవాడు కాబట్టి అతనికి బావ అన్న పేరే స్థిరపడింది. పొట్టిమనిషి, బాగా దువ్విన జుట్టు.

ప్రార్థన అయి జనం బయటికొస్తుంటే ఆడవాళ్లను గుడిలోకి తిరిగి తోసి తలుపు బిగించారు. మగవాళ్లను మైదానానికి తోలి చొక్కాలు విప్పమన్నారు. భుజాల మీద పట్టీల మచ్చ ఉంటే మూట మోసి కొండలెక్కినవాడు. పిక్క మీద బూటు ఒరిసిన గీత ఉంటే కవాతు చేసినవాడు. చూపుడువేలు కాయ కాస్తే తుపాకివాడు. పశువుల సంతలో పళ్లు చూసినట్టు వరుస వెంట చూసుకుంటూ వచ్చారు. మా ఊళ్లో రబ్బరు బూట్లు లేనివాడు లేడు, మూట మోయనివాడు లేడు. అయినా ఆరుగుర్ని వేరు చేశారు.

ఆరోవాడు రొసెందో. గాడిద చచ్చిపోయి నాలుగు నెలలైంది, అరటి గెలల తట్ట తనే మోస్తున్నాడు. ఆ మాటే చెప్పాడు. నికనోర్ వరుస దాటి ముందుకొచ్చి, వాడు నా బావమరిది, ఆ మచ్చలు తట్ట మచ్చలు, తట్ట ఇంట్లోనే ఉంది చూసుకోండి అన్నాడు. ఎవడో తుపాకి మడమతో అతని నోటి మీద కొట్టాడు.

"నాకూ బావమరిదేలే," అన్నాడు నాయకుడు.

ఆరుగుర్నీ గోలు కర్రల మధ్య నిలబెట్టి కాల్చారు. రొసెందోకు మొదటి గుండు పొట్టలో తగిలింది. వెంటనే పోలేదు. వలలో చిక్కుకున్నట్టు కర్రను పట్టుకుని లేవబోయాడు. ఒకడు దగ్గరికి వెళ్లి మచ్చుకత్తితో పూర్తిచేశాడు, తూటా దండగని. కొబ్బరికాయ మీద పడ్డట్టు చప్పుడైంది. గుడిలోంచి సోయిలా తన తమ్ముణ్ణి పేరు పెట్టి పిలుస్తూనే ఉంది. తలుపు తియ్యలేదు.

ఇళ్లు సోదా చేసినవాళ్లు అప్పుడే నికనోర్ పెట్టె మోసుకొచ్చారు. నాలుగు వందల పైన సీసాలు, ప్రతి సీసాలో ఒక చీటీ, ప్రతి చీటీ మీద తేదీ, చోటు, అంకెలు. ఆ అంకెలు ఏమిటో బావకు తెలుసు. తన నడుముకు కూడా అలాంటి యంత్రమే ఉంది.

"ఇన్ని అంకెలు రాసుకున్నావేంటి బావా, లాటరీ ఆడతావా?"

సాలీళ్లు దొరికిన చోట్లని నికనోర్ చెప్పాడు. నోట్లో రెండు పళ్లు కదిలిపోయి మాట సరిగ్గా రాలేదు. బావ చీటీలు చదువుతూ పోయాడు. వాగు పక్క, ఫలానా తేదీ. కొండ మలుపు, ఫలానా తేదీ. "మేం ఎక్కడెక్కడ దిగామో కొండవాళ్లకు చేరవేస్తున్నావు, పురుగులు పైకి చూపడానికే," అన్నాడు. మేమంతా అనుకున్నాం, ఏడోవాడు వీడని.

బావకు మాత్రం తొందర లేదు. చేతికందిన పది సీసాలు తీసి, చీటీలు తన టోపీలో వేసుకుని, పది సాలీళ్లనూ ఒక సత్తుపళ్లెంలో కుమ్మరించాడు. ఆటగాళ్లు కూర్చునే చెక్కబెంచీ మీద ఆ పళ్లెం పెట్టించాడు.

"నిజంగా సాలీళ్లవాడివైతే ఏది ఏదో చెప్పు. చీటీతో సరిపోవాలి. ఒక తప్పుకు రెండు వేళ్లు. రెండో తప్పుకు అదిగో, నీ బావమరిది పక్కన చోటుంది."

నికనోర్ జేబులోంచి భూతద్దం తీసి కంటికి పెట్టుకున్నాడు. గడ్డం మీది నెత్తురు పళ్లెంలో పడకుండా చొక్కాతో తుడుచుకున్నాడు. ఒక గడ్డిపుల్లతో ఒక్కొక్కదాన్నీ తిప్పి చూస్తూ చెప్పాడు. పళ్లోడు, మగ. రొట్టె, ఆడ. మళ్లీ రొట్టె, మగ. ఒక్కోటి చెప్పగానే బావ టోపీలో వెతికి చీటీ తీసి పైకి చదివి, నేల మీద పారేసేవాడు. ఏడు సరిపోయాయి. గుడ్డ ముఖాలవాళ్లు కూడా చుట్టూ చేరి పందెం చూసినట్టు చూస్తున్నారు.

ఎనిమిదోది నల్లగా, మెడ దగ్గర తెల్ల పట్టీతో ఉంది.

చీటీ మీద తను ఏం రాశాడో అతనికి తెలుసు. ఆ వానా, ఆ తొందరా గుర్తున్నాయి. తెల్లకాలరు, మగ అంటే సరిపోయేది. కానీ పదకొండేళ్ల అలవాటు చేతిలో ఉంది. పుల్ల దాన్ని వెల్లకిలా తిప్పేసింది, కన్ను చూసేసింది. ఉబ్బు కొసన తీగ ఒక చుట్టు తిరిగి ఆగలేదు. ఇంకో చుట్టు తిరిగింది.

"ఇది తెల్లకాలరు కాదు," అన్నాడు.

బావ టోపీలోంచి చీటీ తీశాడు. "తెల్లకాలరు అనే ఉంది. నీ రాతే."

"తప్పు రాశాను."

"అయితే ఇదేంటి?"

"దీనికింకా పేరు లేదు. దీని ఆడది బొగొతాలో ఉంది."

వెనక ఎవడో నవ్వాడు. బావ నవ్వలేదు. చీటీని బెంచీ మీద నికనోర్ ముందు పెట్టి, వేలితో నొక్కి పట్టుకున్నాడు.

"ఇంకోసారి అడుగుతున్నా బావా. చీటీ చదువుకుని చెప్పు. తెల్లకాలరా, కాదా?"

"కాదు."

ఎడమచెయ్యి బెంచీ మీద పరిచి పట్టుకున్నారు. మచ్చుకత్తి ఒకే దెబ్బ. చిటికెన వేలు గడ్డిలో పడింది, ఉంగరపు వేలు తోలుకు వేలాడుతుంటే లాగేశారు. నికనోర్ అరవలేదని ఇప్పుడు కొందరు చెబుతారు. అరిచాడు. గుడిలోవాళ్లకు కూడా వినపడింది. తర్వాత మోకాళ్ల మీద కూలబడి కక్కుకున్నాడు. బావ ఆగాడు. కక్కడం అయ్యాక పళ్లెం అతని ముందుకు జరిపాడు.

"ఇంకా రెండున్నాయి."

తొమ్మిదోది చీమదొంగ, ఆడ. పుల్ల రెండుసార్లు జారింది. చీటీ సరిపోయింది. పదోది మిరియపు గింజకన్నా చిన్నది, ఏ చారా తేలనిది. నికనోర్ దాన్ని చాలాసేపు చూశాడు. ఆ చూసినంతసేపూ అతని చెయ్యి నించి కారిన నెత్తురు బెంచీ కాలి వెంట చీమలబారులా దిగుతూనే ఉంది. మావాళ్లలో ఒకడు నిలబడ్డచోటే ఉచ్చపోసుకున్నాడు.

"పేరు చెప్పలేను. పిల్లది. పిల్లలకు పేరుండదు."

బావ ఆఖరి చీటీ తీశాడు. చదవడానికి ముందు మా అందరి ముఖాలూ చూశాడు. అతనికి అలాంటివి ఇష్టం.

"పిల్ల," అని చదివాడు. "పేరు తెలీదు."

పక్కనున్నవాడు తుపాకి సర్దుకుంటూ వీణ్ణి కూడా ఏసేద్దామా అన్నాడు. వద్దన్నాడు బావ. "వేగు అయితే కాగితం మీదున్నదే వల్లిస్తాడ్రా. వీడు తన కాగితాన్నే కాదంటున్నాడు, అదీ వేలు తెగుతుందని తెలిసి. పిచ్చోడు వీడు. వదిలెయ్."

ఆ రోజు వాళ్లు ఏడుగురి గురించి తేల్చారు. సరిగ్గా ఆలోచించింది ఒక్కడి విషయంలోనే. ఆరుగుర్నీ వీపు చూసి తేల్చేశారు.

వెళ్తూ వెళ్తూ సీసాల్లోని సారా అంతా సాలీళ్లతో సహా నికనోర్ ఇంటి తాటాకు మీద పోసి అంటించారు. పదకొండేళ్ల సాలీళ్లు చిటపటమంటూ కాలిపోయాయి. అందరూ అటు చూస్తుండగా నికనోర్ పళ్లెంలోంచి ఒకదాన్ని కుడిచేత్తో తీసి నోట్లో పెట్టుకున్నాడు. పాత చీటీని బెంచీ మీదే వదిలేశాడు.

తలుపులు తెరిచాక సోయిలా ముందు తమ్ముడి దగ్గరికి పరుగెత్తింది. తర్వాత వచ్చి పావడా చింపి మొగుడి చెయ్యి కట్టింది. పడవలో సాన్ ఆబెల్ ఆస్పత్రికి నాలుగు గంటలు పట్టింది. దారిపొడుగునా ఆమె తిడుతూనే ఉంది, తెల్లకాలరు అని చావొచ్చుగా, ఆ ఒక్క ముక్క అనడానికి నీ నోటికేం రోగం అని. అతను పలకలేదు. నర్సు నోరు తెరవమంటే తెరవలేదు. నాలుక కూడా కోసేశారని ఆ నర్సు భయపడింది. సైగ చేసి స్పిరిట్ తెప్పించుకుని, ఖాళీ ఇంజెక్షన్ సీసాలోకి సాలీణ్ణి మెల్లగా ఉమ్మాడు. దాని ఎడమ పొట్టిచెయ్యి విరిగిపోయింది. కుడిది బాగానే ఉంది. కట్టు కట్టకముందే పెన్సిలు అడిగి కొత్త చీటీ రాశాడు. తాటిపొద, వాగు పక్క, ఆరు వందల ఇరవై మీటర్లు, మార్చి తొమ్మిది, మగ. పేరు చోటు ఖాళీగా ఉంచాడు.

రొసెందో శవాన్ని మర్నాడు ప్రభుత్వ సైనికులొచ్చి తీసుకుపోయారు. నెల తిరిగాక ప్రభుత్వ ఆఫీసులో సోయిలాకు ఒక కాగితం చేతిలో పెట్టారు. అందులో ఆమె తమ్ముడు కొండవాడు, సైనికులతో ఎదురుకాల్పుల్లో చచ్చాడు, దగ్గర ఒక రైఫిల్ దొరికింది. గెలల తట్ట మోసినవాడు కాగితం మీద సాయుధుడైపోయాడు. ఆ మాట ఉన్నన్నాళ్లు అతని పెళ్లానికీ పిల్లలకూ ఊళ్లో ఎవరూ పని ఇవ్వరు, వాళ్లతో మాట్లాడటానికే జంకుతారు.

రెండేళ్లకు డాక్టరమ్మ అచ్చయిన వ్యాసం పంపింది. ఆ ఆడదానికీ ఈ మగదానికీ కలిపి ఒక పేరు, ఒక కొత్త వంశం. సాలీడుకు మీ పేరు పెడతానని ఆమె ముందే అడిగితే నికనోర్ ఒప్పుకోలేదు, తీగ రెండు చుట్లు తిరిగింది కదా, అదే పెట్టమన్నాడు. వ్యాసాన్ని నాలుగు రోజులు చదివాడు. దొరికిన చోటు ఎత్తు ఆరు వందల అరవై అని అచ్చులో తప్పు పడింది. ఆరు వందల ఇరవై అని ఉత్తరం రాశాడు. తర్వాతి సంచికలో దిద్దారు.

అప్పట్నించి ప్రతి మార్చిలో అతను పడవెక్కి ఆ ప్రభుత్వ ఆఫీసుకు వెళ్లి ఒక చీటీ ఇచ్చి వస్తాడు. మందపాటి కాగితం, గోరంత, పెన్సిలు రాత. మొదటిసారి వెళ్లేముందు నాకు చూపించాడు. లా పల్మిటా, ఫుట్‌బాల్ మైదానం, ఆరు వందల అయిదు మీటర్లు, మార్చి పదిహేడు. రొసెందో చిందోయ్, మగ, ఈడు వచ్చినవాడు. భుజాల మచ్చలు గెలల తట్టవి. తుపాకి లేదు. చూసింది ఎన్. ఇపియాల్.

ఆఫీసువాళ్లు ఇంకా దిద్దలేదు. కిందటేడు మాత్రం గుమాస్తా చీటీని వెలుతురుకు పట్టి చూసి, ఫిర్యాదు ఇంత చిన్న కాగితం మీద రాసుకొస్తారా అని విసుక్కున్నాడట.

"సీసాలో పట్టాలి కదండీ," అన్నాడు నికనోర్.